రాయగడ నుంచి మానవ హక్కుల పీజీ దాకా: సంధికాల న్యాయం చదవాలనుకునేవారికి సమగ్ర మార్గదర్శి

ఒడిశాలోని మా రాయగడ కోర్టు వరండాలో ఒక్కో వాఙ్మూలం కాగితం మీదికి ఎక్కేలోపు నాలుగు భాషలు దాటుతుంది. సాక్షి కొంధుల భాష కువిలో చెబుతుంది. ఊరి నుంచి తోడొచ్చిన కుర్రాడు దాన్ని ఈ కొండల్లో అందరూ మాట్లాడుకునే దేశియాలోకి మారుస్తాడు. ప్లీడరు గుమాస్తా తెలుగువాడైతే మనసులో తెలుగులో అనుకుని, చివరికి ఒడియాలోనో ఇంగ్లిషులోనో టైపు చేయిస్తాడు. ఇన్ని చేతులు మారాక ఆమె చెప్పిన మాటలో ఎంత మిగిలింది? ఆ అనుమానంతోనే నేను ఎల్‌ఎల్‌ఎం అనే లా పీజీ వైపు వెళ్ళాను.

గుణుపురం, రాయగడ, జయపురం, మల్కన్‌గిరి, పర్లాకిమిడి వైపు ఎల్‌ఎల్‌బీ చదువుతున్న తెలుగు పిల్లలు ఈమధ్య తరచూ వచ్చి అడుగుతున్నారు: "మేడమ్, హ్యూమన్ రైట్స్‌లో పీజీ ఎక్కడ చేస్తే బాగుంటుంది?" నేను కాలేజీ పేరు వెంటనే చెప్పను. ఎందుకు చదవాలనుకుంటున్నారో తేలితే ఎక్కడ చదవాలో సగం దానంతటదే తేలుతుంది. కాబట్టి ఇక్కడ కూడా అదే వరసలో చెబుతాను.

మొదటి అడుగు: ఈ చదువు ఏమిటో తెలుసుకోండి

మానవ హక్కుల చట్టం అంటే ప్రభుత్వం మనిషిని ఏం చేయకూడదు, మనిషికి ఏం చేసి తీరాలి అనే సంగతి. మన రాజ్యాంగంలో ప్రాథమిక హక్కులున్న మూడో భాగం, 1948 డిసెంబరు 10 నాటి విశ్వ మానవ హక్కుల ప్రకటన, దాని తర్వాత వచ్చిన రెండు అంతర్జాతీయ ఒడంబడికలు, వాటిలో భారత్ 1979 ఏప్రిల్ 10న చేరడం, 1993 నాటి మానవ హక్కుల పరిరక్షణ చట్టం, దాని కింద ఏర్పడిన జాతీయ కమిషన్... సిలబస్‌లో ఈ భాగం ఎల్‌ఎల్‌బీ చేసినవాళ్ళకు కొంత తెలిసిందే.

సంధికాల న్యాయం (ట్రాన్సిషనల్ జస్టిస్) కొత్తగా అనిపిస్తుంది. ఒక నియంత దిగిపోయాడు, లేదా ఒక అంతర్యుద్ధం ఆగింది. చంపినవాళ్ళు, చచ్చినవాళ్ళ కుటుంబాలు అదే ఊళ్ళో, అదే బావి దగ్గర నీళ్ళు తోడుకోవాలి. వేలమందిని జైల్లో పెట్టడం ఏ కోర్టు వల్లా కాదు. జరిగింది మర్చిపొమ్మనడానికి ఎవరికీ నోరు రాదు. అప్పుడేం చేయాలి? ఈ శాస్త్రం దీనికి నాలుగు దారులు చెబుతుంది: నిజం బయటపెట్టడం, దోషులను విచారించడం, బాధితులకు జరిగిన నష్టాన్ని పూడ్చడం, మళ్ళీ జరగకుండా వ్యవస్థలను మార్చడం. ఈ నాలుగింటినీ కలిపి చూసే ప్రత్యేక ప్రతినిధిగా ఐక్యరాజ్యసమితి 2012లో పాబ్లో డి గ్రీఫ్‌ను తొలిసారి నియమించింది.

ఉదాహరణలు కోర్సులో ఎలాగూ చెబుతారు. సైనిక పాలనలో మాయమైపోయినవారి కోసం 1983లో అర్జెంటీనా వేసిన కమిషన్, వర్ణవివక్ష పాలన పోయాక 1995 చట్టంతో దక్షిణాఫ్రికా పెట్టిన సత్య, సయోధ్య కమిషన్, మారణకాండ నేరాలను విచారించడానికి 2002 నుంచి 2012 దాకా రువాండాలో ఊరి రచ్చబండల్లా నడిచిన గచాచా కోర్టులు. నన్నడిగితే మనవాళ్ళు ముందు చదవాల్సింది నేపాల్ గురించి. అక్కడ 2006 నవంబరులో మావోయిస్టులకు, ప్రభుత్వానికి శాంతి ఒప్పందం కుదిరింది. నిజనిర్ధారణ కమిషన్ల చట్టం రావడానికి 2014 దాకా, కమిషన్లు ఏర్పడటానికి 2015 దాకా పట్టింది. ఘోరాలకు కూడా క్షమాభిక్ష ఇచ్చే వీలున్న భాగాలను అక్కడి సుప్రీంకోర్టు ఒప్పుకోలేదు. చట్టం సవరణ 2024లో గానీ కాలేదు. కొండలు, చిన్న చిన్న పల్లెలు, రెండు వైపుల తుపాకుల మధ్య నలిగిన పేదలు. చదువుతుంటే మన చిత్రకొండ వైపు వెళ్ళొచ్చినట్టే ఉంటుంది.

ఒక జాగ్రత్త. భారతదేశంలో పాలన మారిపోయిన సంధికాలం ఏదీ లేదు. కోర్టులున్నాయి, ఎన్నికలున్నాయి. అందుకని మన జిల్లాలో జరిగిన ప్రతి అన్యాయానికీ సంధికాల న్యాయం అనే లేబుల్ అంటిస్తే ఇంటర్వ్యూలో మొదటి ప్రశ్నకే చిక్కుకుపోతారు. ఈ శాస్త్రం ఇచ్చే పనిముట్లు మన దగ్గర ఎక్కడ పనికొస్తాయి, ఎక్కడ పనికిరావు అని అడగండి. ఆ ప్రశ్నకు విలువ ఉంది.

రెండో అడుగు: మీ ప్రశ్న ఒకటి రాసుకోండి

ఒక కాగితం మీద, తెలుగులో, రెండు వాక్యాల్లో రాయండి. ఇంట్లో అమ్మకో బామ్మకో చదివి వినిపించండి. వాళ్ళకు అర్థమైతే ప్రశ్న తయారైనట్టే. ఇంగ్లిషులో మొదలుపెడితే పెద్ద పెద్ద మాటలు వచ్చి పడతాయి, ప్రశ్న వాటి కింద దాక్కుంటుంది.

మన జిల్లాల్లో ప్రశ్నలకు కరువు లేదు. బలిమెల జలాశయం నిండాక మల్కన్‌గిరిలో 151 ఊళ్ళు చుట్టూ నీళ్ళతో తెగిపోయాయి. గురుప్రియ వంతెన 2018లో గానీ రాలేదు. దశాబ్దాల పాటు ఆసుపత్రికి కూడా పడవ మీదే వెళ్ళిన ఆ ఊళ్ళకు ఒక వంతెనతో బాకీ తీరిపోయిందా? నియమగిరి కొండ మీద బాక్సైట్ గని కేసులో సుప్రీంకోర్టు 2013 ఏప్రిల్ 18న గ్రామసభలే తేల్చాలని చెప్పింది, రాయగడ, కలహండి జిల్లాల్లోని 12 పల్లెలు గని వద్దన్నాయి. కోర్టు ఊరి మాటను సాక్ష్యంగా విన్నదా, నిర్ణయంగా విన్నదా?

ఇంకొకటి, ఇప్పుడు బాగా అవసరమైనది. లొంగిపోయిన మావోయిస్టులకు పునరావాస పథకం ఉంది. అది ఉండాలి కూడా. కానీ ఇన్‌ఫార్మర్ అన్న పేరుతో మావోయిస్టులు చంపేసిన రైతు కుటుంబానికి, ఎదురుకాల్పుల్లో పోయాడని పోలీసులు చెప్పిన కుర్రాడి కుటుంబానికి ఏం జరిగిందో ఎవరు చెప్పాలి? ఈ రెండు కుటుంబాలనూ ఒకే పేజీలో పెట్టగలిగినవాళ్ళు ఈ చదువుకు తగినవాళ్ళని నా నమ్మకం. ఒక్కవైపు దుఃఖమే కనిపించేవాళ్ళు ఇంకో చదువు ఎంచుకోవడం మంచిది.

మూడో అడుగు: పరీక్షకు ముందు ఆరు నెలలు చదవండి

దీనికి డబ్బు అక్కర్లేదు. సుప్రీంకోర్టు తీర్పులు ఈ-ఎస్‌సీఆర్ పోర్టల్‌లో ఉచితంగా దొరుకుతాయి. కొన్నింటికి తెలుగు, ఒడియా అనువాదాలు కూడా ఉన్నాయి.

నీలాబతి బెహెరా కేసుతో మొదలుపెట్టండి. అది మన ఒడిశా కేసే. 1987 డిసెంబరు 1న సుందర్‌గఢ్ జిల్లాలో సుమన్ బెహెరా అనే 22 ఏళ్ళ కుర్రాణ్ణి దొంగతనం విచారణ అని పోలీసులు ఇంటి నుంచి తీసుకెళ్ళారు. మర్నాడు శవం రైలు పట్టాల మీద దొరికింది. కట్టిన తాడును పళ్ళతో కొరికి తెల్లవారుజామున పారిపోయాడనీ, రైలు గుద్దిందనీ పోలీసుల వాదన. తల్లి ఏ పెద్ద ప్లీడర్నీ పెట్టుకోలేదు. సుప్రీంకోర్టుకు ఉత్తరం రాసింది. కోర్టు దాన్నే రిట్ పిటిషన్‌గా తీసుకుంది, జిల్లా జడ్జితో విచారణ చేయించింది, ఒంటి మీది గాయాలు రైలు వల్ల వచ్చినవి కావని వైద్య సాక్ష్యం తేల్చింది. 1993 మార్చి 24న తీర్పు వచ్చింది. తల్లికి రాష్ట్రం లక్షా 50 వేల రూపాయలు చెల్లించాలి.

మొదటిసారి చదివినప్పుడు నేను ఆ అంకె దగ్గరే ఆగిపోయాను. ఇంతేనా అనిపించింది. రెండోసారి చదివితే అసలు విషయం కనిపించింది. సివిల్ దావాలో ఇచ్చే నష్టపరిహారం వేరు, ప్రాథమిక హక్కును రాజ్యమే ఉల్లంఘించినప్పుడు నేరుగా సుప్రీంకోర్టుకు వెళ్ళే 32వ అధికరణ కింద ఇచ్చేది వేరు, దానికి ప్రభుత్వం మీద దావా చెల్లదనే సార్వభౌమ రక్షణ అడ్డురాదు అని కోర్టు గీత గీసింది. తర్వాత వచ్చిన కస్టడీ మరణాల కేసులెన్నో ఆ గీత మీదే నిలబడ్డాయి. అది చదివాక అరెస్టు, కస్టడీ నియమాల మీద 1996 నాటి డి.కె. బసు తీర్పు, ఛత్తీస్‌గఢ్‌లో మావోయిస్టుల మీదికి ఊరివాళ్ళకే ఆయుధాలిచ్చిన సల్వాజుడుం మీద 2011లో వచ్చిన నందినీ సుందర్ తీర్పు, 2014లో ఎన్‌కౌంటర్ల దర్యాప్తుపై మార్గదర్శకాలిచ్చిన పీయూసీఎల్ తీర్పు వరసగా చదవండి. ఒక్కో తీర్పుకు ఒక్క పేజీ నోట్సు చాలు: ఎవరు అడిగారు, ఏం అడిగారు, ఏం వచ్చింది, ఏం రాలేదు. నాలుగో గడిని ఖాళీగా వదలొద్దు.

ఆ తర్వాత బాధితుల పరిహార హక్కు మీద ఐక్యరాజ్యసమితి 2005లో ఆమోదించిన సూత్రాలు. చిన్న పత్రమే. అందులో ఐదు మాటలుంటాయి. పోయినదాన్ని తిరిగి ఇవ్వడం, డబ్బు రూపంలో పరిహారం, పునరావాసం, బాధితుల గౌరవాన్ని నిలబెట్టడం, మళ్ళీ జరగదన్న హామీ. ఇక్కడ మన ప్రాంతంవాళ్ళకు ఒక చిక్కుంది. మన దగ్గర పునరావాసం అంటే డ్యామ్ కింద ఊరు పోతే కట్టిచ్చిన కాలనీ. ఆ పత్రంలో దాని అర్థం వైద్యం, మానసిక చికిత్స, న్యాయ సహాయం, సామాజిక సేవలు. ఇంకో చిక్కు, తెలుగులో పరిహారం అనగానే చెక్కు గుర్తొస్తుంది. చెక్కు ఆ ఐదింటిలో ఒకటి మాత్రమే. ఈ తేడాలు మీ సొంత తెలుగులో రాసుకోండి, రేపు బాధిత కుటుంబం ముందు కూర్చున్నప్పుడు ఆ తెలుగే పనికొస్తుంది.

మూడోది, విచారణ కమిషన్లు. కాల్పులు జరిగితే మన దగ్గర వెంటనే కమిషన్ వేస్తారు. 1952 నాటి చట్టంలోని 3(4) సెక్షన్ చదవండి. నివేదిక అందిన 6 నెలల్లోపు, తీసుకున్న చర్యల వివరంతో సహా ప్రభుత్వం దాన్ని చట్టసభ ముందు పెట్టాలి. కానీ కమిషన్ చెప్పింది ప్రభుత్వం పాటించి తీరాలని లేదు. దీని పక్కన ఉత్తర ఐర్లండ్ కథ పెట్టి చూడండి. 1972 జనవరి 30న డెర్రీ పట్టణంలో ఊరేగింపు మీద బ్రిటిష్ సైన్యం కాల్పులు జరిపింది, ఆ రోజే 13 మంది చనిపోయారు. కొన్ని వారాల్లోనే వచ్చిన విడ్జరీ నివేదిక సైన్యాన్ని చాలావరకు వెనకేసుకొచ్చింది. కుటుంబాలు ఊరుకోలేదు. 1998లో రెండో విచారణ మొదలైంది. 2010 జూన్ 15న సావిల్ నివేదిక వచ్చిన రోజు బ్రిటన్ ప్రధాని పార్లమెంటులో క్షమాపణ చెప్పాడు. ఒకే సంఘటన, ఒకే దేశం, రెండు విచారణలు. మొదటిదానికీ రెండోదానికీ ఎక్కడ తేడా వచ్చిందో రాయగలిగితే మీ చేతిలో మంచి వ్యాసం ఉన్నట్టే.

చదువుతూనే ఒక ఆర్టీఐ (సమాచార హక్కు) దరఖాస్తు వేయండి. మీ జిల్లాకు సంబంధించిన ఏదైనా కమిషన్ నివేదిక కాపీ అడగండి. ఒడిశాలో ఫారం-ఏ నింపాలి, గుర్తింపు కాగితం జతచేయాలి, రుసుము 10 రూపాయలు. జవాబుకు గడువు 30 రోజులు. రాకపోతే మొదటి అప్పీలు. జవాబు వచ్చినా రాకపోయినా ఆ కాగితాలన్నీ ఫైల్లో పెట్టుకోండి. "నివేదిక దొరకలేదు" అనే జవాబు కూడా పరిశోధనకు పనికొచ్చే సాక్ష్యమే.

నాలుగో అడుగు: దారి ఎంచుకోండి

ఎల్‌ఎల్‌బీ ఉన్నవాళ్ళకు దగ్గరి దారి క్లాట్ పీజీ, అంటే నేషనల్ లా యూనివర్సిటీల ఉమ్మడి ప్రవేశ పరీక్ష. 120 ప్రశ్నలు, 2 గంటలు, తప్పుకు పావు మార్కు కోత. జనరల్ వాళ్ళకు ఎల్‌ఎల్‌బీలో 50 శాతం, ఎస్సీ, ఎస్టీలకు 45 శాతం ఉండాలి. పరీక్ష ఈమధ్య డిసెంబరు మొదటి ఆదివారం మధ్యాహ్నం పెడుతున్నారు. తీర్పుల్లోంచి, చట్టాల్లోంచి ముక్కలిచ్చి అడుగుతారు కాబట్టి పై అడుగులో చెప్పిన చదువు వృథా కాదు. రాజ్యాంగం మీద, అంతర్జాతీయ చట్టం మీద ఎక్కువ సమయం పెట్టండి. సెంటరుగా భువనేశ్వర్ పెట్టుకోవడం మనవాళ్ళకు అలవాటు. రాయగడ, గుణుపురం వాళ్ళకు విశాఖపట్నం దగ్గర. ఏ ఊరు పెట్టుకున్నా ముందు రోజే వెళ్ళి పడుకోండి. పరీక్ష రోజు పొద్దున రైలు లేటయితే వచ్చే టెన్షన్ ఎందుకు?

కటక్‌లోని నేషనల్ లా యూనివర్సిటీ, విశాఖలోని దామోదరం సంజీవయ్య, హైదరాబాదులోని నల్సార్ మనకు అందుబాటులో ఉన్న మూడు. నేషనల్ లా యూనివర్సిటీల్లో ఎల్‌ఎల్‌ఎం ఒక్క ఏడాదే. ఏడాది అంటే చెప్పుకోడానికి బాగుంటుంది గానీ, క్లాసులు, డిసర్టేషన్ (పరిశోధన వ్యాసం) అన్నీ దాంట్లోనే పూర్తిచేయాలి. ప్రశ్న లేకుండా వెళ్ళినవాళ్ళకు టాపిక్ వెతుక్కోవడంలోనే సగం ఏడాది పోతుంది. ఢిల్లీ నేషనల్ లా యూనివర్సిటీకి క్లాట్ కాదు, ఐలెట్ అనే వేరే పరీక్ష. ముంబయిలోని టిస్‌లో (టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సోషల్ సైన్సెస్) యాక్సెస్ టు జస్టిస్ అనే ఎల్‌ఎల్‌ఎం ఉంది. కాగితాల కంటే ఊళ్ళలో పని ఇష్టపడేవాళ్ళకు అది ముందు చూడమంటాను. ఢిల్లీలోని సౌత్ ఏషియన్ యూనివర్సిటీలో నేపాల్, శ్రీలంక, బంగ్లాదేశ్ విద్యార్థులు పక్క బెంచీలో కూర్చుంటారు. ఈ సబ్జెక్టుకు ఆ పక్క బెంచీ పెద్ద లైబ్రరీతో సమానం. రాష్ట్ర విశ్వవిద్యాలయాల్లో రెండేళ్ళ ఎల్‌ఎల్‌ఎం ఫీజు తక్కువ. ఇంటి బాధ్యతలున్నవాళ్ళు, ప్రాక్టీసు వదలలేనివాళ్ళు దాన్ని చిన్నచూపు చూడొద్దు.

లా డిగ్రీ లేకపోతే ఎల్‌ఎల్‌ఎం కుదరదు. జామియా మిలియాలో మానవ హక్కుల్లో ఎంఏ ఉంది. ఉద్యోగం చేసుకుంటూ చదవాలంటే ఇగ్నో సర్టిఫికెట్ కోర్సుతో రుచి చూడొచ్చు. సోషల్ వర్క్, జర్నలిజం, ఆంత్రోపాలజీ నుంచి వచ్చినవాళ్ళు ఈ రంగంలో బాగా రాణిస్తారు. లా చదవలేదని వెనక్కి తగ్గాల్సిన పని లేదు.

విదేశానికి వెళ్ళాలనుకుంటే, సంధికాల న్యాయాన్నే పేరులో పెట్టుకున్న కోర్సులు కొన్నే. ఉత్తర ఐర్లండ్‌లోని అల్‌స్టర్ యూనివర్సిటీలో 2003 నుంచి సంధికాల న్యాయానికి ప్రత్యేక సంస్థే ఉంది. 1998 గుడ్ ఫ్రైడే శాంతి ఒప్పందం తర్వాత గాయాలు ఇంకా మానని సమాజం మధ్యలో కూర్చుని చదవడం అక్కడి ప్రత్యేకత. పైన చెప్పిన డెర్రీ కూడా ఆ నేల మీదిదే. జెనీవా అకాడమీలో సంధికాల న్యాయంలో మాస్టర్స్ ఉంది. ఇంగ్లండ్‌లోని ఎసెక్స్, ఐర్లండ్‌లోని గాల్వే, స్వీడన్‌లోని లుండ్ మానవ హక్కుల చట్టానికి పేరున్నవి. దక్షిణాఫ్రికాలోని ప్రిటోరియా సంగతి మనవాళ్ళకు తట్టదు. గిరిజన నేలలు, గనులు, ప్రజల హక్కుల మీద ఆఫ్రికాలో వచ్చిన ఆలోచన రాజ్యాంగం ఐదో షెడ్యూలు కింద ఉన్న మన గిరిజన ప్రాంతాలకు యూరప్ కంటే దగ్గరగా ఉంటుందని నా అభిప్రాయం.

ఐదో అడుగు: కాగితాలు ఇప్పుడే సరిచేసుకోండి

ఇక్కడ సరిహద్దు తెలుగువాళ్ళు దెబ్బతింటారు. ఒడిశా బోర్డు టెన్త్ సర్టిఫికెట్లో ఇంటిపేరు చివర పూర్తిగా ఉంటుంది. ఇంటర్ ఆంధ్రా వైపు చదివితే అదే ఇంటిపేరు ముందు ఒక్క అక్షరంగా కుదించుకుపోతుంది. ఆధార్‌లో మూడో తీరు. ఒడియా నుంచి ఇంగ్లిషులోకి వచ్చేసరికి తండ్రి పేరు స్పెల్లింగ్ మారుతుంది. నాలుగు కాగితాల్లో నలుగురు మనుషుల్లా కనిపిస్తారు. టెన్త్ సర్టిఫికెట్‌ను ఆధారంగా పెట్టుకుని, దానికి సరిపోయేలా ఆధార్, పాస్‌పోర్టు మార్పించండి. పాత మార్కుల జాబితాల్లో మార్పు కుదరకపోతే ఇద్దరూ ఒకరే అని నోటరీ అఫిడవిట్ చేయించి పెట్టుకోండి. తేడా ఎక్కువైతే గెజిట్‌లో పేరు మార్పు ప్రకటన దాకా వెళ్ళాలి, దానికి నెలలు పడుతుంది.

కుల ధ్రువీకరణ పత్రం ఇంకా ముఖ్యం. కులాల జాబితా ఏ రాష్ట్రానికి ఆ రాష్ట్రానిదే. ఆంధ్రాలో ఉన్న కులం ఒడిశా జాబితాలో ఉండకపోవచ్చు, వేరే పేరుతో ఉండవచ్చు. వలస వెళ్ళినంత మాత్రాన రిజర్వేషన్ వెంట రాదని 1990లో మర్రి చంద్రశేఖరరావు కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. పార్వతీపురంలో తాతగారి పేరున ఉన్న పత్రం చూపించి కటక్‌లో సీటు అడిగే ముందు తహసీలు కార్యాలయంలో కనుక్కోండి. రాష్ట్ర విద్యార్థుల కోటా ఏ కోర్సుకు వర్తిస్తుందో, నివాస పత్రం ఎన్నేళ్ళది అడుగుతారో ప్రాస్పెక్టస్‌లో వెతకండి.

విదేశానికైతే ట్రాన్స్‌స్క్రిప్టులు, అంటే యూనివర్సిటీ స్వయంగా ఇచ్చే పూర్తి మార్కుల పత్రాలు కావాలి. నా ట్రాన్స్‌స్క్రిప్టు కోసం యూనివర్సిటీ పరీక్షల విభాగం చుట్టూ మూడు నెలలు తిరిగాను. నేను ముందే అడగలేదు, వాళ్ళు తొందరపడలేదు. ఆ ఏడు ఒక దరఖాస్తు గడువు దాటిపోయింది. ఆఖరి సెమిస్టరు ఫలితాలు వచ్చిన వారంలోనే అడిగేయండి.

ఆరో అడుగు: స్టేట్‌మెంట్ ఆఫ్ పర్పస్ (ఎందుకు చదవాలనుకుంటున్నారో చెప్పే వ్యాసం)

నా దగ్గరికి వచ్చే డ్రాఫ్టుల్లో ఎక్కువభాగం ఒకేలా మొదలవుతాయి: "చిన్నప్పటి నుంచీ నాకు న్యాయమంటే మక్కువ. పేదలకు సేవ చేయాలన్నదే నా ఆశయం." మాట నిజమే కావచ్చు. కానీ వెయ్యిమంది అదే రాస్తారు, చదివేవాళ్ళకు మీరు కనబడరు. ఒక అమ్మాయి డ్రాఫ్టును మేమిద్దరం కూర్చుని మార్చాం. మార్చాక ఇలా మొదలైంది: "మా జిల్లాలోని మైకంచ్ గ్రామంలో 2000 డిసెంబరు 16న పోలీసు కాల్పుల్లో ముగ్గురు ఆదివాసులు చనిపోయారు. ప్రభుత్వం విచారణ కమిషన్ వేసింది. ఆ విచారణ నుంచి బాధిత కుటుంబాల చేతికి ఏ కాగితం, ఏ భాషలో అందింది అన్నది నేను చదవాలనుకుంటున్న ప్రశ్న." మక్కువ అన్న మాట ఎక్కడా లేదు. అయినా ఆ పిల్ల ఎవరో తెలుస్తుంది.

దాని వెనక మూడు విషయాలు రాయండి. ఈ ప్రశ్న మీద మీరు ఇప్పటికే ఏం చేశారు, అంటే చదివిన తీర్పులు, వేసిన ఆర్టీఐలు, పనిచేసిన న్యాయ సహాయ శిబిరాలు. ఇంకా మీకు ఏం తెలియదు. తెలియనిది ఆ యూనివర్సిటీలో ఏ పేపరు నేర్పుతుంది. "నాకు తెలియదు" అని సూటిగా రాయడానికి మనవాళ్ళు జంకుతారు. చదవడానికి వెళ్ళేది అందుకే కదా. మీకొచ్చిన భాషలు తప్పక రాయండి. తెలుగు, ఒడియా, దేశియా, కొంచెం కువి. ఇంట్లో వంటగదిలో నేర్చుకున్నవి కాబట్టి మనం లెక్కలో వేసుకోం. ఈ రంగంలో అది పెద్ద అర్హత.

సిఫారసు ఉత్తరం కోసం పేరున్నవాళ్ళ వెంట పడొద్దు. మీ పేరు కూడా గుర్తులేని ప్రిన్సిపాల్ రాసే నాలుగు పొగడ్తల కంటే, మీతో కోర్టులో పనిచేయించిన జూనియర్ ప్లీడరమ్మ రాసే ఒక్క సంఘటన ఎక్కువ తూగుతుంది. ఆమెకు మీ డ్రాఫ్టు, మార్కులు, గడువు తేదీ ఒకే మెయిల్‌లో పంపండి, నెల ముందు.

ఏడో అడుగు: డబ్బు

క్లాట్ దరఖాస్తుకే జనరల్ వాళ్ళకు 4,000, ఎస్సీ, ఎస్టీలకు 3,500 రూపాయలు అవుతోంది. రెండు మూడు పరీక్షలు రాసేవాళ్ళు ఇది ముందే లెక్కేసుకోవాలి. దేశంలో చదివితే ఒడిశా స్టేట్ స్కాలర్‌షిప్ పోర్టల్ ఒకసారి చూడండి. ఆదాయ పత్రం పాతదైతే తిప్పి పంపుతారు, కొత్తది తీయించండి.

బ్రిటన్‌కు చెవెనింగ్ స్కాలర్‌షిప్ ఉంది. 2,800 గంటల పని అనుభవం అడుగుతారు, అంటే దాదాపు రెండేళ్ళు. కోర్టులో జూనియర్‌గా చేసింది కూడా పనే. ఆగస్టులో తెరిచి అక్టోబరులో మూసేస్తారు. చదువయ్యాక రెండేళ్ళు స్వదేశంలో ఉండాలి, మన ప్రశ్నలు ఇక్కడివే కాబట్టి అది భారం కాదు. గిరిజన వ్యవహారాల శాఖ నేషనల్ ఓవర్సీస్ స్కాలర్‌షిప్ ఏడాదికి 20 మందికే. సామాజిక న్యాయ శాఖ ఇచ్చే అదే పేరున్న పథకం ఎస్సీలకు, సంచార జాతులకు, భూమిలేని కూలీల, సంప్రదాయ చేతివృత్తులవారి పిల్లలకు. దాంట్లో 2022లో ఒక నిబంధన చేర్చారు. భారతీయ సంస్కృతి, చరిత్ర, భారత సమాజం మీద పరిశోధనకు ఆ డబ్బు ఇవ్వరు. మన ప్రాంతం పిల్లలు తమ ఊరి ప్రశ్నే రాసి తిరస్కరణకు గురయ్యే ప్రమాదం ఉంది. అది అన్యాయమైన నిబంధన అని నేను గట్టిగా నమ్ముతాను. కానీ అది ఉన్నంతకాలం దరఖాస్తులో అంతర్జాతీయ చట్టాన్ని ముందు పెట్టి, ప్రశ్నను చట్టం భాషలో రాయండి. అబద్ధం మాత్రం రాయొద్దు.

విద్యా రుణానికి ఇంటి పట్టా ఎవరి పేరున ఉందో చూసుకోండి. మన వైపు చాలా ఇళ్ళు ఇంకా తాతల పేరు మీదే ఉన్నాయి. బ్రిటన్ వీసాకు డబ్బు వరసగా 28 రోజులు ఖాతాలో ఉండాలి. ఒక్కరోజు తగ్గినా వీసా పోతుంది.

ఎనిమిదో అడుగు: ఫీల్డుకు వెళ్ళే ముందు

సీటు వచ్చాక డిసర్టేషన్ కోసం ఊళ్ళకు వెళ్తారు. నేను లా చదివే రోజుల్లో బిస్సంకటక్ దగ్గర న్యాయ సహాయ శిబిరంలో ఒక పెద్దావిడ మాటలు రాసుకున్నాను. ఆవిడ కువిలో చెబుతోంది, ఒక కుర్రాడు తెలుగులో చెబుతున్నాడు. "రాత్రి పోలీసులు వచ్చి తలుపు కొట్టారు" అని రాశాను. తర్వాత, అక్కడే కూర్చుని విన్న, కువి బాగా వచ్చిన టీచరమ్మ ఆ కాగితం చూసి, ఆవిడ పోలీసులు అనలేదు, "వచ్చినవాళ్ళు" అంది అని చెప్పింది. కుర్రాడు పూరించాడు. నేను అనుమానించలేదు. ఎవరో తెలియదనీ, తెలిసినా చెప్పలేననీ ఆవిడ ఆ ఒక్క మాటలో దాచుకుంది. నేను దాన్ని చెరిపేశాను. కోర్టుకు వెళ్ళి ఉంటే ఎదుటి ప్లీడరు మొదటి ప్రశ్న అదే అడిగేవాడు. ఆవిడ మాట అబద్ధమైపోయేది, ఊళ్ళో ఆవిడకు ముప్పు వచ్చేది.

దక్షిణాఫ్రికా కమిషన్‌లో సాక్షులు సొంత భాషల్లో చెబితే దుబాసీలు "నేను" అంటూనే అనువదించేవారు. నన్ను కొట్టారు, నా కొడుకును చంపారు అని రోజంతా ఉత్తమ పురుషలో పలికి వాళ్ళే కుంగిపోయిన సంగతి ఈ రంగంలో అందరికీ తెలుసు. మనకు భాషలు వచ్చు కాబట్టి ఈ పని మన మీద పడుతుంది. కాబట్టి ముందే కొన్ని అలవాట్లు చేసుకోండి. సాక్షి అన్న మాటను అదే భాషలో, తెలుగు లిపిలోనైనా రాసి, పక్కన అనువాదం పెట్టండి. మీకు తెలియని పదం కింద గీత గీయండి. పూరించొద్దు. నోట్‌బుక్‌లో అసలు పేర్లు రాయొద్దు, గుర్తులు వాడండి, గుర్తుల పట్టిక ఇంకో చోట పెట్టండి. మన జిల్లాల్లో ఫోను, పుస్తకం ఎవరి చేతికైనా వెళ్ళొచ్చు. యూనివర్సిటీ నైతిక కమిటీ అనుమతి లేకుండా బాధితుల దగ్గరికి వెళ్ళొద్దు. ఒకసారి వాఙ్మూలం ఇచ్చినవాళ్ళను మళ్ళీ అదే చెప్పమని అడిగే ముందు, ఆ వాఙ్మూలం రికార్డులో దొరుకుతుందేమో వెతకండి. దొరికితే ఆ గుమ్మం ఎక్కాల్సిన అవసరమే లేదు.

చదువయ్యాక

పెద్ద జీతాలు ఆశించొద్దు. ఎల్‌ఎల్‌ఎంలో 55 శాతం, నెట్ (అధ్యాపకుల అర్హత పరీక్ష) ఉంటే బోధన. జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ప్యానెల్, హైకోర్టు ప్రాక్టీసు, పరిశోధన సంస్థలు. చదువుతుండగానే జాతీయ మానవ హక్కుల కమిషన్ ఇంటర్న్‌షిప్‌కు పెట్టుకోండి, రెండు వారాల ఆన్‌లైన్‌ది కూడా ఉంది. కమిషన్‌కు ఫిర్యాదు చేయాలంటే సంఘటన జరిగిన ఏడాదిలోపే చేయాలన్న నియమం అక్కడే బాగా తెలిసొస్తుంది. మా వైపు ఊళ్ళ నుంచి కోర్టు దాకా రావడానికే ఏడాది దాటుతుంది.

ఈ జూన్‌లో మొదలుపెట్టేవాళ్ళకు లెక్క ఇదీ. జూన్‌లో ప్రశ్న, నీలాబతి బెహెరా తీర్పు, పేర్ల సవరణ. జూలైలో ఆర్టీఐ, ట్రాన్స్‌స్క్రిప్టు దరఖాస్తు. ఆగస్టులో క్లాట్ ఫారం, చెవెనింగ్ మొదటి డ్రాఫ్టు. సెప్టెంబరుకు సిఫారసు ఉత్తరాలు చేతిలో ఉండాలి. అక్టోబరు, నవంబరు పాత క్లాట్ పేపర్లకే. పరీక్షకు ముందు రోజు శనివారం సాయంత్రానికి విశాఖలో దిగండి, హాల్‌టికెట్ రెండు కాపీలు పెట్టుకోండి.